ప్రసంగంలో లేని ముప్పై ఎనిమిది ఇళ్ళు

జనవరి ఇరవై అయిదో తారీఖు సాయంత్రం ఏడు గంటలకు మా ఇంట్లో పొయ్యి మీద కుక్కర్ ఉండకూడదు. ఇది నేను పెట్టిన నియమం. రాష్ట్రపతి ప్రసంగం మధ్యలో విజిల్ వస్తే ఒక వాక్యం పోతుంది. అసలు సంగతి ఆ పోయిన వాక్యంలోనే ఉందేమోనని నాకు మనసు పీకుతూ ఉంటుంది. అందుకని ఆ రోజు ఆరున్నరకల్లా వంట ముగించాలి. నాతో ఉండే మా చెల్లెలికి ఈ నియమం నచ్చదు.

"నువ్వు రాసుకునేది ఢిల్లీ వాళ్ళకి వినపడతదా అక్కా? ఆ పప్పేదో ఉడకనీరాదా," అంటుంది ప్రతి ఏడూ.

"వాళ్ళు చెప్పేది మనకి వినపడతందిగా. ముందు అది సరిగ్గా విననీ," అంటాను నేను, ప్రతి ఏడూ.

నాకు డెబ్బై మూడేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను, అందులో చివరి పదకొండేళ్ళు మా ఊరి హైస్కూల్లోనే. గురజాల నుంచి ఆటోలో ముప్పావుగంట ప్రయాణం మా ఊరికి. ఉద్యోగం వదిలినా రెండు అలవాట్లు వదల్లేదు. తారీఖు వేయకుండా ఏదీ రాయను. స్టెప్పులు లేని ఆన్సరుకు మార్కులు వేయను. రాష్ట్రపతి ప్రసంగాన్ని కూడా పరీక్ష పేపరు దిద్దినట్టే దిద్దుతాను.

ముందు హిందీలో వింటాను. చిన్నప్పుడు హిందీ పరీక్షలు వరసగా పాసయ్యాను గనక చాలావరకు అర్థమవుతుంది. తర్వాత ఇంగ్లీషులో వచ్చేటప్పుడు అనుమానం ఉన్న చోట్లు సరిచూసుకుంటాను. మర్నాడు పొద్దున పేపర్లో తెలుగులో వేసింది పెన్సిలు పట్టుకుని చదువుతాను. అంటే మొత్తం మూడుసార్లు. నా నోటుబుక్కులో పేజీ మధ్యన నిలువు గీత ఉంటుంది. చేరింది, అయింది, పెరిగింది అని చెప్పినవి ఎడమవైపు రాస్తాను. చేరలేదు, కాలేదు, మిగిలింది అని చెప్పినవి కుడివైపు. ఎడమవైపు పేజీ కిందిదాకా నిండిపోతుంది. కుడివైపు ఇన్నేళ్ళలో రాసినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

రాష్ట్రపతి కుర్చీ అంటే నాకు గౌరవం. జనగణమన వస్తే మోకాళ్ళు నొప్పిగా ఉన్నా లేచి నిలబడతాను. ప్రసంగంలో అబద్ధాలు ఉంటాయని కూడా నేననను. నా ఫిర్యాదు వేరే. అందులో అన్నీ పూర్తయిపోయిన పనులే ఉంటాయి. ఎక్కడ ఆగింది, ఎవరికి అందలేదు, ఎందుకు అందలేదు అనే మాట ఉండదు. రైతుకు కృతజ్ఞత ఉంటుంది. ఆ రైతు కల్లంలో మిరపకాయ ఆరబోసుకుని ధర కోసం ఎన్నాళ్ళు కూర్చున్నాడో ఉండదు. ఆడవాళ్ళ శక్తి గురించి నాలుగు మంచి మాటలు ఉంటాయి. ఆ శక్తిలో సగం బిందెలు మోయడానికే పోతోందని ఉండదు. పండగ పూట ఇంటి పెద్ద కష్టాల గురించి మాట్లాడతాడా అని మా చెల్లెలు వాదిస్తుంది. ఏడాదికి ఒకసారి ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు కూడా మాట్లాడకపోతే ఇంకెప్పుడు మాట్లాడతాడని నా ప్రశ్న.

ఈ పట్టింపు నాకు ఊరికే రాలేదు. నేను మూడు జనాభా లెక్కలకు పనిచేశాను. ఢిల్లీలో చదివే అంకె ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. ఎవరో ఒక టీచరు చెప్పులరిగేలా తిరిగి, ఎవరి గుమ్మం ముందో నిలబడి, ఒక గడి నింపితే పుడుతుంది. ఆ గడి తప్పయితే పైన ఎంతమంది ఎంత జాగ్రత్తగా కూడినా మొత్తం తప్పే.

అలాంటి తప్పు నేనే ఒకసారి చేశాను.

మా ఊళ్ళో మెరక వీధి ఉంది. నాపరాళ్ళ గుట్ట మీదికి ఎక్కే వీధి. అందులో అందరూ కూలి పనులకు వెళ్ళే కుటుంబాలు. సగం మంది గుడికి, సగం మంది చర్చికి వెళతారు. ఆ వీధి మొదట్లో, పల్లంలో ఆఖరిది మా ఇల్లు. నేను చేసిన చివరి జనాభా లెక్కలప్పుడు ఆ వీధిలో ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. మంచం వాల్చి, చల్లటి మజ్జిగ ఇప్పించాడు. మరుగుదొడ్డి ఉందా అని అడిగితే పెరట్లో నాలుగు గోడలూ పైన రేకూ చూపించాడు. లోపల పత్తికట్టె మోపులు నిలబెట్టి ఉన్నాయి. గుంట అసలు తవ్వలేదు. తలుపు చాటున కొత్త కోడలు నిలబడి చూస్తోంది. ఆ పిల్ల ముందు మామగారి చేత 'లేదు' అనిపించడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. మజ్జిగ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. 'ఉంది' అని గడి నింపాను.

వారం తర్వాత ఒక పొద్దున ఆ కోడలు చెంబు పట్టుకుని పొలంగట్టు మీదుగా వస్తూ నాకు ఎదురైంది. నవ్వుతూనే అడిగింది.

"టీచరమ్మా, నువ్వు రాసిపోయిన దొడ్లో పత్తికట్టె ఉంది. మమ్మల్నెక్కడికి పొమ్మంటావ్?"

అప్పటికే కాగితాలు మండలానికి వెళ్ళిపోయాయి. ఇంటికి వచ్చి తారీఖు వేసి నా తప్పు రాసుకున్నాను. ఆ తర్వాతి జనవరిలో ప్రసంగం వింటూ ఉంటే ప్రతి అంకె వెనకా నాకు పత్తికట్టె మోపులు కనబడ్డాయి. నోటుబుక్కులో గీత గీయడం ఆ రోజే మొదలుపెట్టాను.

ఆ కోడలు ఇప్పుడు మిరప కోతల ముఠాకు మేస్త్రి. పాతికమంది ఆడవాళ్ళను ఆటోల్లో చేలకు తీసుకెళ్ళి పని చేయించి తీసుకొస్తుంది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. ఊరంతా పిలిచినట్టే నేనూ ఆమెను ఇక్కడ మేస్త్రి అనే అంటాను.

రెండేళ్ళ కింద మా ఊళ్ళో ఇంటింటికీ కుళాయిలు వేశారు. ట్యాంకు పల్లంలో కట్టారు. మా ఇంటి దాకా నీళ్ళు వస్తాయి. రోజు మార్చి రోజు, సాయంత్రం ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా. ఇది క్యాలెండరు గడుల్లో పెన్సిలుతో రాసిపెట్టుకున్న లెక్క గనక అనుమానం లేదు. మా ఇల్లు దాటాక గుట్ట ఎక్కించాలంటే ఇంకో మోటారు కావాలి. అది పెడతామన్నారు, పెట్టలేదు. మెరక వీధిలో ముప్పై ఎనిమిది ఇళ్ళకూ కుళాయిలు ఉన్నాయి. తిప్పితే గాలి వస్తుంది. అక్కడి బోరు నీళ్ళు పిల్లల పళ్ళను పచ్చబరిచే నీళ్ళు. తాగడానికి ట్యాంకరన్నా రావాలి, లేదా వాళ్ళు బిందెలు పట్టుకుని మా కుళాయి దగ్గరికన్నా రావాలి.

మొన్న జనవరిలో కంటి ఆపరేషన్ కోసం నరసరావుపేట వెళ్ళి ఆరు రోజులు ఉన్నాను. ఇరవై నాలుగో తారీఖు మధ్యాహ్నం బస్సు దిగి ఇంట్లో అడుగుపెట్టానో లేదో మా చెల్లెలు ఎదురొచ్చింది.

"అక్కా, మెరకకి నీళ్ళొచ్చినయ్. పొద్దున సచివాలయం పిల్ల వచ్చి ఫోటోలు తీసింది. అందరూ నిండు బిందెలు కుళాయి కింద పెట్టుకుని నిలబడ్డారు. నేను కళ్ళారా చూశా."

సచివాలయం పిల్ల అంటే ఊళ్ళో ప్రభుత్వ లెక్కలన్నీ ఫోనులో ఎక్కించే ఉద్యోగి. నా దగ్గర ఏడో తరగతి చదువుకుంది. మా చెల్లెలి మాట విని నాకు ఎంత సంతోషమైందంటే, నల్ల కళ్ళద్దాలు కూడా తీయకుండా క్యాలెండరు దగ్గరికి వెళ్ళి ఆ రోజు గడిలో 'మెరకకు నీళ్ళు' అని రాసేశాను. గుట్ట ఎక్కి చూడలేదు. ఒక్క కుళాయి తిప్పలేదు.

మర్నాడు సాయంత్రం ఏడింటికి నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. కొత్త కన్ను గనక బొమ్మ శుభ్రంగా కనబడుతోంది. ప్రసంగం మామూలు తోవలోనే నడిచింది. ఎడమవైపు రాసుకుంటూ పోతున్నాను. కొంతసేపటికి ఇళ్ళకు కుళాయి నీళ్ళు అందించడం గురించి ఒక వాక్యం వచ్చింది. దేశం సాధించిన వాటిలో ఒకటిగా చెప్పారు. ఆ వాక్యాన్ని ఎడమవైపు రాసి పక్కన ఇంత పెద్ద టిక్కు పెట్టాను. ఇందులో మా మెరక వీధి కూడా ఉంది కదా అనుకున్నాను. ఇన్నేళ్ళలో నేను మనస్ఫూర్తిగా పెట్టిన టిక్కు అదొక్కటే.

పెన్సిలు ఇంకా ఎత్తలేదు, వాకిట్లో మా కుళాయి కింద బిందె పెట్టిన చప్పుడైంది. తలుపు తీసే ఉంది. మేస్త్రి చేలో నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కొంగు నిండా మిరప ఘాటు.

"ఏమే, మీకు నీళ్ళొచ్చినయ్యిగా, మళ్ళీ ఇక్కడికేంది?" అన్నాను.

"ఎక్కడొచ్చినయ్ పెద్దమ్మా? నీ కంటికి గంత ఇంకా తీయలేదా ఏంది?"

"నిన్న ఫోటోలు దిగారంటగా, నిండు బిందెలతో."

"దిగాం. అయ్యి ట్యాంకరు నీళ్ళు."

"ట్యాంకరు నీళ్ళు తెచ్చి కుళాయి కింద పెట్టి ఫోటో దిగటమేందే?"

మేస్త్రి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మరి ఖాళీ బిందెతో దిగమంటావా? ఆ పిల్ల కుళాయి కింద బిందె పెట్టి పక్కన నిలబడమంది. పొద్దున్నే పనికి పోయే టయిములో ఖాళీ బిందె ముందు పెట్టుకుని ఎవరన్నా నిలబడతారా? ఎవరన్నా అట్టా ఎదురొస్తేనే వెనక్కి తిరిగి కూర్చుని పోతాం. అందుకని నింపుకొచ్చి పెట్టాం."

"చర్చికి పోయేవాళ్ళకి శకునాల్లేవుగా. వాళ్ళన్నా ఖాళీవి పెట్టాల్సింది."

"వాళ్ళూ నింపుకొచ్చారు. ఏంది వదినా, మీకు కూడా శకునమా అని మా పక్కింటామెని అడిగా. శకునం కాదమ్మా, ఖాళీ బిందె ఫోటో ఊరంతా తిరిగితే నీళ్ళు లేని కొంపని మా వాడికి పిల్లనెవరిస్తారు అంది."

మా చెల్లెలు నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు నవ్వు రాలేదు. టీవీలో మాటలు సాగుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి ప్రసంగం మధ్యలో నేనే సౌండు తగ్గించాను.

"నీళ్ళొస్తన్నాయా అని ఆ పిల్ల అడగలేదా?"

"అడిగేదానికేముంది, బిందె నిండుగా కనపడతందిగా. ముప్పై ఎనిమిది ఇళ్ళు గంటన్నరలో చుట్టేయాలని ఒకటే ఉరుకులు. కుళాయి ఉందో ఊడిందో చూసుకోటానికి వచ్చారనుకున్నాం మేం."

వెంటనే ఆ పిల్లకు ఫోన్ చేశాను.

"నమస్తే టీచర్. కన్ను ఎట్టా ఉంది?"

"నా కన్ను బాగానే ఉంది. నీ కళ్ళ సంగతి అడుగుదామని చేశా. మెరకలో ఒక్క కుళాయన్నా తిప్పి చూశావా?"

"బిందెలు నిండుగా ఉన్నాయి టీచర్."

"ఏడో తరగతిలో కూడా అంతే. పుస్తకం వెనక ఆన్సరు చూసి ముందు అది రాసేదానివి. స్టెప్పులు తర్వాత అతికించేదానివి."

"అట్టా అనొద్దు టీచర్. అన్నీ అప్‌లోడ్ చేసేశా. రేపు జెండా అయ్యాక పదకొండింటికి గ్రామసభలో తీర్మానం. మొత్తం రెండొందల పన్నెండు ఇళ్ళకీ నీళ్ళందుతన్నాయని రాసి పెట్టారు."

"తీర్మానం అయితే ఏమవుద్ది?"

"పని పూర్తయినట్టే. ఫైలు మూసేస్తారు."

"గుట్ట మీద మోటారు?"

"అప్పుడది కొత్త పని కిందికి వస్తది టీచర్. మళ్ళీ మొదటి నుంచి అడగాలి."

మొదటి నుంచి అడగడమంటే ఏమిటో నాకు తెలుసు. మొదటి పనికి అర్జీ పెట్టిన రోజు నుంచి కుళాయి బిగించిన రోజు దాకా తారీఖులు నా దగ్గర ఉన్నాయి. ఆరేళ్ళ నాలుగు నెలలు. అంటే రేపు పొద్దున పదకొండింటి లోపల ఎవరూ నోరు విప్పకపోతే మెరక వీధి ఇంకో ఆరేళ్ళు బిందెలు మోస్తుంది, అదీ కాగితం మీద నీళ్ళు తాగుతూ.

"ఇప్పుడు మార్చటానికి దారేమన్నా ఉందా?" అని అడిగాను.

"ఫోన్లో ఏం లేదు. తీర్మానం కాగితంలో రిమార్కులని ఒక గడి ఉంటది. దాన్లో ఎవరూ ఏం రాయరు టీచర్."

"గడి ఉందిగా. చాలు."

ఫోన్ పెట్టేసి ముందు నా తప్పు దిద్దుకున్నాను. క్యాలెండరు గడిలో రాసింది చెరిపాను. నోటుబుక్కులో పెద్ద టిక్కును కొట్టేశాను, చెరపలేదు. పరీక్ష పేపర్లో కొట్టివేత కనబడాలి.

"రేపు మీ వీధి ఆడవాళ్ళందరూ ఖాళీ బిందెలు తీసుకుని గ్రామసభకి రండే," అన్నాను మేస్త్రితో.

"నయమే! జెండా పండగ పూట ముప్పై ఎనిమిది ఖాళీ బిందెలు ఎదురొస్తే ఊరు ఊరుకుంటదా? రమ్మంటే మేం వస్తాం, బిందెలు మాత్రం తీసుకురాం. నువ్వు చెప్పావని మా వాళ్ళు ఒక్కరు వింటే నా పేరు మార్చుకుంటా."

ఆమెను తప్పుపట్టలేకపోయాను. నేను మజ్జిగ గ్లాసుకు మొహమాటపడినదాన్ని. వాళ్ళు బిందెకు మొహమాటపడ్డారు.

మర్నాడు పొద్దున పేపరు వచ్చింది. కుళాయిల వాక్యం తెలుగులో ఇంకా అందంగా ఉంది. దాని కింద గీత గీశాను. ఆ మాటలు రాసింది కుర్చీలో కూర్చున్నవారు కారని నాకు తెలుసు. వారికి ఎవరో రాసి ఇస్తారు. ఆ రాసేవాళ్ళకు ఎవరో అంకె పంపుతారు. అలా దిగుతూ పోతే చివరి మెట్టు మీద, మా వీధిలో ఫోన్ పట్టుకుని ఉరికే పిల్ల ఉంది. పై మెట్టు మీదివాళ్ళను తిట్టడం తేలిక, నేను ఏళ్ళ తరబడి నోటుబుక్కులో చేస్తున్నది అదే. కింది మెట్టు దగ్గర నిలబడి ఆపడం నాకు ఆ రోజు చేతికందిన పని.

వంటింట్లో స్టీలు బిందె తీసుకుని బోర్లించి, చుక్క లేకుండా తుడిచి, చంకన పెట్టుకున్నాను.

"అక్కా, ఖాళీ బిందెతో రోడ్డెక్కుతున్నావా!" మా చెల్లెలు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మీ బావ పోయి పందొమ్మిదేళ్ళు. పెళ్ళిళ్ళకి పోయేవాళ్ళు నన్ను చూసి పక్క సందులోకి తిరగటం పందొమ్మిదేళ్ళుగా చూస్తన్నా. ఉత్తిగా ఎదురొస్తేనే అపశకునాన్ని. బిందెతో కొత్తగా పోయేదేముందే?"

అది అప్పటిదాకా పైకి అనని మాట. అన్నాక బిందె తేలికైంది.

పంచాయతీ ఆఫీసు మా ఇంటి నుంచి రెండు ఫర్లాంగులు. తోవలో ఒకాయన నన్ను చూసి మోటారు సైకిలు ఆపి మళ్ళీ ఇంట్లోకి వెళ్ళాడు. కిరాణా కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్ళు మాట ఆపేశారు. నేను మాత్రం రోడ్డు మధ్యలోనే నడిచాను. జెండా ఎగరేశారు, పిల్లలు పాడారు, చాక్లెట్లు పంచారు. బిందె పక్కన పెట్టి నేనూ జెండాకు వందనం చేశాను.

గ్రామసభకు కుర్చీలు సర్దుతుండగా సర్పంచ్ నా వైపు వచ్చాడు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. "టీచరమ్మగారూ, పండగ పూట ఈ ఖాళీ బిందేందండీ?" అన్నాడు.

"ముందు తీర్మానం చదివించండి, తర్వాత చెబుతా," అన్నాను.

పంచాయతీ కార్యదర్శి తీర్మానం చదివాడు. రెండు వందల పన్నెండు ఇళ్ళు, అన్నింటికీ నీళ్ళు. పుస్తకం సంతకాలకు తిరగడం మొదలైంది. నా దగ్గరికి రాగానే నేను లేచాను.

"నేను సంతకం పెడతా. కానీ ఇక్కడ కాదు, మెరక వీధి కుళాయి దగ్గర పెడతా. రెండున్నర ఫర్లాంగుల దూరం, ఈ వయసులో నేనే ఎక్కుతా. మీకేం కష్టం?"

"ఫోటోలున్నాయండీ, అందరివీ," అన్నాడు కార్యదర్శి.

"ఫోటోలో ఉన్నవి ట్యాంకరు నీళ్ళు. కుళాయివి కావు."

వెనక వరసలో నిలబడ్డ మెరక వీధి ఆడవాళ్ళు నవ్వారు. సచివాలయం పిల్ల తల దించుకుంది. ఆ తల దించుకోవడం చూసి నేను చెప్పదలుచుకోనిది కూడా చెప్పాల్సి వచ్చింది. జనాభా లెక్కల్లో పత్తికట్టె ఉన్న గదిని మరుగుదొడ్డి అని రాసింది నేనేనని, ఆ ఇంటి కోడలు ఇక్కడే ఉందని, అడిగి తెలుసుకోవచ్చని అందరి ముందూ చెప్పాను.

"అవునండీ, మాదే ఆ దొడ్డి," అంది మేస్త్రి గట్టిగా. "గుంట తవ్వేదాకా ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది."

"ఈ అమ్మాయి అబద్ధం రాయలేదు," అన్నాను. "నిండు బిందె చూసింది, నిండు బిందె రాసింది. ఆ తప్పు దిద్దే చోటు ఈ సభే. సంతకాలయ్యాక ఇక దిద్దటానికి చోటుండదు."

సర్పంచ్ గడియారం చూసుకున్నాడు. "సరే పదండి, ఐదు నిమిషాల్లో తేల్చేద్దాం," అన్నాడు.

అందరం గుట్ట ఎక్కాం. మొదటి కుళాయి మేస్త్రి ఇంటిదే. నేను నా ఖాళీ బిందె దాని కింద పెట్టాను. సర్పంచ్ తనే కుళాయి తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. దాని వెనకే చీమల బారు బయటికి వచ్చి బిందె అంచు మీద పాకింది. రెండో ఇల్లు, మూడో ఇల్లు, నాలుగో ఇల్లు తిప్పాడు. ఐదోది తిప్పబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఫోటో తియ్యమ్మా," అన్నాడు సచివాలయం పిల్లతో.

బిందె పక్కన నిలబడ్డాను. ఆ పిల్ల ఫోన్ ఎత్తింది. ఈలోపల మేస్త్రి లోపలికి వెళ్ళి, తన బిందెలో అడుగున ఉన్న నీళ్ళు పక్కింటామె గాబులో వంపి, ఖాళీ బిందె తెచ్చి నా బిందె పక్కన పెట్టింది.

"జరుగు పెద్దమ్మా. మా కుళాయి దగ్గర నువ్వొక్కదానివే ఫోటో దిగితే మేమేమైపోవాలి?"

పక్కింటామె ఇంకా తటపటాయిస్తోంది. "మా వాడికి సంబంధం తప్పిపోతే నీదే పూచీ," అంది మేస్త్రితో.

"నీళ్ళున్నాయని నమ్మి వచ్చిన పిల్ల మూడో రోజు పుట్టింటికి పోద్ది. ముందే చూసుకుని రానీయ్ వదినా."

అలా ఒక్కొక్కరూ తెచ్చారు. నేను లెక్కపెట్టుకుంటూ వీధి చివరిదాకా నడిచాను. ముప్పై అయిదు ఇళ్ళ వాళ్ళు ఫోటో దిగారు. మూడిళ్ళకు తాళాలు వేసి ఉన్నాయి, కోతలకు వెళ్ళారు. ఆ మూడింటికీ బయట ఉన్న కుళాయిలు తిప్పి చూసి రాయించాను.

తీర్మానం పుస్తకం మేస్త్రి అరుగు మీద పెట్టారు. రిమార్కుల గడి చిన్నది, రెండు వరసలు పడుతుంది. సచివాలయం పిల్లే రాసింది, ఆమె చేతి రాత గుండ్రంగా బాగుంటుంది. కుళాయిలు 212, నీరు వస్తున్నవి 174, మెరక వీధి 38 ఇళ్ళకు మోటారు పెట్టి నీరు ఇచ్చేదాకా పని పూర్తి కాదు. అంకెలు కూడి చూశాను, సరిపోయాయి. అప్పుడు సంతకం పెట్టాను, తారీఖుతో. సర్పంచ్ కూడా పెట్టాడు. "మండలంలో నన్నడిగితే మిమ్మల్ని చూపిస్తా టీచరమ్మగారూ," అన్నాడు. "చూపించయ్యా, ఇంట్లోనే ఉంటా," అన్నాను.

ఆ పిల్లకు మెమో రాలేదు. వివరణ అడిగారట. పత్తికట్టె సంగతితో సహా రెండు పేజీలు రాసిచ్చిందట, స్టెప్పులన్నీ వేసి. మోటారుకు దిమ్మె కట్టడానికి ఏప్రిల్ తొమ్మిదిన గుంట తవ్వారు. మోటారు ఇంకా రాలేదు. ఫైలు మాత్రం మూయలేదు. ప్రతి సోమవారం కార్యదర్శికి ఫోన్ చేసి, ఆయన ఏమన్నాడో రాసుకుంటున్నాను.

ఢిల్లీలో ఇక ముందు చదవబోయే అంకెలో మా ముప్పై ఎనిమిది తగ్గుతాయో లేదో నాకు తెలిసే దారి లేదు. మా ఊరి కాగితం మీద తగ్గాయి. ఆ మేరకు ఆ ప్రసంగాన్ని నేను దిద్దాననే అనుకుంటున్నాను.

గుంట తవ్విన రోజు సాయంత్రం మేస్త్రి నీళ్ళకు వచ్చి, టేబుల్ మీద తెరిచి ఉన్న నోటుబుక్కు చూసింది. ఆమెకు చదువు రాదు గానీ గీతలు, గడులు బాగా చూస్తుంది. ముఠా కూలీల హాజరు అంతా గీతలతోనే వేస్తుంది.

"ఈ పక్కంతా నింపావు, ఈ పక్క ఖాళీగా ఉంచావేంది పెద్దమ్మా?"

"అందలేదని వాళ్ళు చెప్పినవి ఆ పక్క రాయాలి. వాళ్ళు చెప్పలేదు."

"వాళ్ళు చెప్పకపోతే నువ్వు రాయకూడదా?"

ఇన్నేళ్ళలో నాకు ఆ ఆలోచనే రాలేదు. ప్రసంగంలో లేనిది రాయకూడదని నేనే పెట్టుకున్న నియమం అది. పెన్సిలు తీసుకుని కుడివైపు పైన రాశాను: మెరక వీధి, ముప్పై ఎనిమిది ఇళ్ళు.

"తారీఖెయ్యి," అంది మేస్త్రి, బిందె ఎత్తుకుంటూ.